టీ తాగాక తగ్గిన బరువు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రిన్సిపాల్ లక్ష్మీదుర్గ గారికి, నన్ను పొగిడి పొగిడి గొంతు బొంగురుపోయిన పెద్దలకు, ఇన్నేళ్ళూ స్టాఫ్ రూములో నా నోరు భరించిన సహోద్యోగులకు, ఇక క్యాథరిన్ మేడం ఫిజిక్సు క్లాసు ఉండదన్న సంతోషంతో ఇవాళ నిండుగా వచ్చిన విద్యార్థులకు, చివరి వరసల్లో ఒళ్ళో సంచులు పెట్టుకుని రైలు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చున్న నా బరువు నడక మిత్రులకు, పేరుపేరునా వందనాలండీ. షహనాజ్ గారూ, మీకు సలాం. మీ కాళ్ళ దగ్గరున్న ఆ పొట్లం జాగ్రత్తండీ. దాని పని చివర్లో ఉంది.

ఇందాకటి నుంచి మాట్లాడినవాళ్ళందరూ “మేడం గారు కడుపులో బాధ దాచుకుని పైకి నవ్వుతున్నారు” అన్నారు. ఒకరైతే కళ్ళు కూడా తుడుచుకున్నారు. అయ్యో, దాచుకోవడానికి ఏమీ లేదండీ! నవ్వొచ్చి నవ్వుతున్నాను. పొద్దున లేచిన దగ్గర్నుంచీ నా కాలు నేల మీద నిలవడం లేదు. ఇడ్లీలో పచ్చడి బదులు జామ్ వేసుకుని తినేశాను, తిన్నాక తెలిసింది. (నవ్వులు) కారణం చెబుతాను. చెప్పకుండా దిగను కాబట్టి ఫణికిరణ్ గారూ, మీరు గడియారం వైపు చూడటం మానేయండి. ఇవాళ నాకు అలాంటి గడియారాలు బోలెడు వచ్చాయి, కావాలంటే ఒకటి మీరు తీసుకోండి.

మీ అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. రేపు పొద్దున నా ఇంటి ముందుకు లారీ వస్తుంది. అద్దె ఇల్లు ఖాళీ చేస్తానని ఇంటివాళ్ళకి చెప్పేశాను. తాడేపల్లిగూడెంలో మా చెల్లెలు తన ఇంటి పైవాటాకి రంగులేయించి, కిటికీలకి కొత్త పరదాలు కట్టించి కూర్చుంది. అదిగో, ముందు వరసలో ఉంది, నావైపు అనుమానంగా చూస్తోంది. లారీ ఆకివీడు చేపల లారీయేనండీ, “బాగా కడిగి తెస్తానమ్మా, వాసన రాదు” అని డ్రైవరు మాటిచ్చాడు. ఇక మీకు తెలియని సంగతి: ఆ లారీ నేను ఎక్కుతానో లేదో ఈ ప్రసంగం ముగిసేలోగా తేలాలి. తేల్చాల్సిన మనిషి ఈ హాల్లోనే ఉన్నారు. పాపం, ఆ విషయం వారికి ఇంకా తెలీదు.

(హాల్లో గుసగుసలు)

వెనక్కి తిరిగి చూసుకోకండీ, మెడలు పట్టేస్తాయి. ముందు బహుమతుల సంగతి మాట్లాడుకుందాం.

నాకు ఏమివ్వాలా అని స్టాఫ్ రూములో పదిరోజులుగా మంతనాలు జరిగాయని విన్నాను. “మేడంకి బరువులంటే ఇష్టం కదా” అని ఎవరో అన్నారట. అంతే, ఫణికిరణ్ గారు పరుగెత్తుకెళ్ళి రెండు ఇనుప డంబెల్సు తెచ్చారు. ఇవిగో, నిగనిగలాడుతున్నాయి. ఏవండీ, చేత్తో ఎత్తేవాళ్ళు వేరు, వీపున వేసుకుని నడిచేవాళ్ళు వేరు కదా! వీటిలో ఒక్కదాన్ని సంచీలో వేసుకుని గట్టు మీద నడిస్తే అడుగడుగునా దొర్లి నడుము మీద గుద్దుతుంది, ఎవరో వెనక నుంచి “తొందరగా పదండి” అని పొడుస్తున్నట్టుంటుంది. మొన్న నా పుట్టినరోజుకి అంత చక్కటి కాటా ఇచ్చిన మనిషే ఇవెలా కొన్నారో నాకర్థం కాలేదు. ఆ కాటా కథ కూడా చెబుతాను. అసలు కథంతా ఆ కాటాదే.

మా బరువు నడక వాళ్ళకి ఎప్పుడైనా ఏదైనా ఇవ్వాలని మీకు బుద్ధి పుడితే వినండి. భుజాల మీద ఒత్తుకోకుండా వెడల్పుగా, లోపల స్పాంజి పెట్టి కుట్టిన పట్టీలు ఇవ్వండి, చచ్చేదాకా మీ పేరు చెప్పుకుంటాం. మందంగా ఉండే మేజోళ్ళు ఇవ్వండి, మడమలు బొబ్బలెక్కకుండా ఉంటాయి. మా సెకండియర్ పిల్లలు ఇచ్చారు చూశారా, సంచీకి వెనక తగిలించుకుంటే మినుకుమినుకుమనే ఎర్రదీపం, అది బంగారంతో సమానం. తెల్లవారకుండా రోడ్డు దాటేటప్పుడు చేపల లారీ డ్రైవర్లకి మనం కనపడాలి కదండీ. ఇక శాలువాలంటారా, అవి పనికిరావని నేను అననండీ, నొచ్చుకోకండి. మడతపెట్టి సంచీలో వీపు వైపున పెట్టుకుంటే లోపలి ఇసుక మూటలు గుచ్చుకోవు. ఇవాళ వచ్చినవాటితో మా బృందం అందరి వీపులూ మెత్తబడతాయి. మెమెంటో ఇచ్చిన పూర్వవిద్యార్థుల సంఘం వారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఇది ఏ రాయో తెలీదు గాని చేతిలోకి తీసుకోగానే ప్రాణం లేచొచ్చింది. ఎంతుంటుందండీ? చెప్పలేరా? సరే, కాటా ఉందిగా.

(నవ్వులు, చప్పట్లు)

ఈ పిచ్చి నాకెలా పట్టిందో చెప్పాలి. కొన్నేళ్ళ కిందట నా ఎముకలు పలచబడుతున్నాయని డాక్టరు గారు చెప్పి, మాత్రలిచ్చి, కాస్త బరువు మోస్తూ నడిస్తే మంచిదన్నారు. నాకు ఒంటరిగా నడవాలంటే విసుగు. మా వీధి చివర టైలరింగ్ షాపు షహనాజ్ గారిని “రండి, మీకూ మంచిదే” అని లాక్కెళ్ళాను. పాత కాలేజీ బ్యాగులో బియ్యం పోసుకుని మన ఏలూరు తమ్మిలేరు గట్టు మీద బయల్దేరాం. ఇద్దరం ఒళ్ళు మరిచి మాట్లాడుకుంటూ నడుస్తున్నాం. కాసేపటికి వెనక ఏదో సందడి. తిరిగి చూస్తే కోళ్ళండీ! ఊళ్ళో కోళ్ళన్నీ మా వెనక ఊరేగింపుగా వస్తున్నాయి. బ్యాగు అడుగున చిల్లి, బియ్యం సన్నగా ధార. అప్పుడే ఎదురుగా ఒక పెద్దమనిషి వచ్చారు. తెల్లచొక్కా, చేతికర్రలా నిటారుగా ఉన్న మనిషి. ఆగి, చాలా మర్యాదగా, “అమ్మా, మీ తూకం కారిపోతోందండీ” అన్నారు.

అవి ఎజ్రా గారు నాతో అన్న మొదటి మాటలు. మూడో వరసలో స్తంభం పక్కన, కూతురు మానస పక్కన కూర్చున్నారు చూడండి, ఆయనే. లేవకండి ఎజ్రా గారూ, ఇంకా సమయం ఉంది.

ఎజ్రా గారు తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మార్కెట్టులో ఆయన కనపడితే చాలు, కాటా పళ్ళెం అడుగున అంటించిన మైనపు ముద్దలు వాటంతటవే ఊడి పడేవని చెప్పుకునేవారు. ఆయన భార్య పోయి చాలా కాలమైంది. మానస ఆకివీడులో టీచరు, ఆదివారాలు వచ్చి వెళ్తుంది. మిగిలిన రోజుల్లో మాట్లాడటానికి మనుషుల్లేక మాటలు పొదుపు చేయడం అలవాటైందో, పుట్టుకతోనే పొదుపో తెలీదు గాని ఆయన పది మాటలన్నారంటే ఆ రోజు పండగ కింద లెక్క. మర్నాడు ఆయన మాతో పాటు నడవడానికి వచ్చారు, చంకలో కాటా పెట్టుకుని. బియ్యం వద్దన్నారు. షహనాజ్ గారి చేత దుప్పటి గుడ్డతో చిన్నచిన్న మూటలు కుట్టించి, ఇసుక పోయించి, ఒక్కొక్కటీ సరిగ్గా కిలో వచ్చేలా గింజ తక్కువ కాకుండా తూచి, తన చేత్తో దాని మీద “ఒక కిలో” అని రాశారు. ఎవరి మూటలకి వాళ్ళ రంగు దారం. నాది ఆకుపచ్చ.

మెల్లగా పదిమంది చేరారు. మాకు కొన్ని ఆచారాలు ఏర్పడ్డాయి. నడక షహనాజ్ గారి షాపు దగ్గర మొదలు, అక్కడే ముగింపు, మూటలన్నీ అక్కడే ఒకే పెట్టెలోకి లెక్కచూడకుండా గుమ్మరించి ఖాళీ సంచులతో ఇళ్ళకి పోతాం. సగం దారిలో గట్టు మీద టీ కొట్టు, అక్కడ సంచులన్నీ ఒకే బల్ల మీద దించుతాం. ఎవరి పుట్టినరోజైనా కేకు లేదు, తలా ఒక మూట చేతిలో పెడతాం, ఆ రోజు అవన్నీ మోసి తీరాలి. అందుకే మా బృందంలో పుట్టినరోజు ఎప్పుడో ఎవరూ బయటికి చెప్పరు. (నవ్వులు) ఇంకొక్క నియమం. ఎవరి మూటలు వాళ్ళే మోయాలి, ఒకరివి ఇంకొకరు పుచ్చుకోకూడదు. ఆ నియమం పెట్టింది ఎవరనుకున్నారు? ఎజ్రా గారే. గుర్తుపెట్టుకోండి.

ఆమధ్య నాకు విషజ్వరం వచ్చి తగ్గాక కీళ్ళు పట్టేశాయి. భుజం ఎత్తలేను, జడ వేసుకోలేను. అయినా సంచీలో మూట తగ్గించనని పంతం పట్టాను. ఎజ్రా గారు “రెండు మూటలు తీసేద్దామాండీ” అన్నారు. “ముట్టుకున్నారంటే ఊరుకోను” అన్నాను. ఆయన తన సంచీ తగిలించుకుని నడిచారు. ఆ రోజు టీ కొట్టు దాకా ప్రాణం పోయింది. టీ తాగాను. సంచీ తగిలించుకున్నాను. ఆశ్చర్యమండీ! దూదిపింజలా ఉంది. మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. టీ కొట్టు దాకా బరువు, టీ తాగాక తేలిక.

ఇప్పుడు మీరందరూ నవ్వుతున్నారు. అప్పుడు నాకు అర్థం కాలేదండీ! నేను ఫిజిక్సు లెక్చరర్ని. బరువంటే ఏమిటో, ద్రవ్యరాశి అంటే ఏమిటో ఈ జిల్లాలో సగం మంది పిల్లలకి బెత్తం చూపించి మరీ నేర్పినదాన్ని. ఆ నేనే ఏం చేశానంటే, ఒక సిద్ధాంతం తయారు చేశాను. వేడి టీ లోపలికి వెళ్ళగానే కండరాలు వదులై, రక్తం పుంజుకుని, మనిషికి బరువు తెలియదని. దానికి స్టాఫ్ రూము బోర్డు మీద గ్రాఫు కూడా గీశాను. లక్ష్మీదుర్గ గారూ, మీరు నమ్మారు కదండీ? తలూపుతున్నారు, నమ్మారు. ఆ టీ కొట్టు గురించి నేను ఊరంతా చాటితే నడకతో సంబంధం లేనివాళ్ళు కూడా ఆటోలు కట్టించుకుని వచ్చి తాగి వెళ్ళారు. కొట్టు ఆయన నాకు అల్లం ఎక్కువ వేసి ఇచ్చేవాడు, నా వల్ల ఇంకో బల్ల కొనుక్కున్నాడు మరి. లెక్కల ఫణికిరణ్ గారు ఒక్కరే, “మేడం, టీకి అంత సీను ఉండదండీ” అన్నారు. నా పుట్టినరోజుకి ఆకివీడు నుంచి చేపలు తూచే కొక్కెం కాటా తెప్పించి ఇచ్చి, “తూచి నిరూపించండి” అన్నారు.

బరువు నడక వాళ్ళకి అంతకన్నా మంచి బహుమతి లేదండీ, ఇది మాత్రం రాసుకోండి. గుప్పిట్లో పడుతుంది, సంచీని కొక్కేనికి తగిలించి ఎత్తితే అంకెలు ఎర్రగా వెలుగుతాయి.

మర్నాడు షాపు దగ్గర తూచుకున్నాను. సరిగ్గా ఉంది. టీ కొట్టు దగ్గర అందరూ గూడబాతులు దిగాయని చూడ్డానికి గట్టు దిగారు. అవి ముక్కు కింద సంచీ వేలాడేసుకుని వస్తాయి, మాకు చుట్టాల్లాంటివి, ఎప్పుడు దిగినా మావాళ్ళకి సంబరమే. ఎజ్రా గారు మాత్రం కాస్త ఆలస్యంగా దిగారు. నేనొక్కదాన్నే మిగిలి, నా సంచీని కాటాకి తగిలించి పైకెత్తాను. మూడు కిలోలు తక్కువ!

బరువనిపించడం తగ్గొచ్చు గాని, అసలు బరువే ఎలా తగ్గుతుందండీ? టీ తాగింది నేను, సంచీ కాదు కదా! (నవ్వులు, చాలాసేపు)

పక్కనే ఎజ్రా గారి సంచీ. తువ్వాలు ఎత్తి చూశాను. తువ్వాలు కింద ఆకుపచ్చ దారం మూటలు మూడు, బుద్ధిగా పడుకుని ఉన్నాయి.

(నీళ్ళు తాగారు)

ఉద్యోగం చేసినన్నాళ్ళూ తూకంలో మోసాలు పట్టుకున్న మనిషి, తను పెట్టిన నియమాన్ని తనే తప్పి, రోజూ నన్ను తూకంలో మోసం చేశారు. నా భుజం నొప్పి ఎప్పుడో తగ్గిపోయింది. ఆయన మానలేదు. నేను ఆ బల్ల మీద కూర్చుని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఉంటే ఏడుపొచ్చింది. ఎందుకో చెబుతాను, ఇవాళ దాచను. నేను పెళ్ళి చేసుకోలేదు. దానికి పెద్ద కథేమీ లేదండీ, ఒక్కో ఏడూ అలా గడిచిపోయింది. గ్యాసు బండ నేనే దొర్లించుకున్నాను, ఇల్లు మారితే బీరువా ఒక పక్క నేనే పట్టాను. ఎవరైనా సాయం వస్తే “నాకు చేతకాదనుకున్నారా” అని కసిరేదాన్ని. అలాంటి నా దగ్గర్నుంచి, నాకు తెలియకుండా, నా పరువు పోకుండా, నేను నా బలమే పెరిగిందని మురిసిపోయేటట్టు ఒకాయన బరువు తీసుకున్నారు. ఎవరికీ చెప్పుకోలేదు కూడా. ఎవరి మీదైనా నాకు అంత ప్రేమ కలగడం అదే మొదటిసారి. ఆ మాట మైకులో అంటానని నేననుకోలేదు. అనేశాను.

(చప్పట్లు)

ఎజ్రా గారూ, తల ఎత్తండి. స్తంభం మీకు అడ్డం రాదు.

నేను తువ్వాలు మళ్ళీ కప్పేసి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. మర్నాడు సరదాకి నా సంచీలో ఇంకో రెండు మూటలు వేశాను, ఏం చేస్తారో చూద్దామని. అవీ తీసేసుకున్నారండీ! తిరిగి వచ్చేటప్పుడు ఆయన తలంబ్రాలకి కూర్చున్న పెళ్ళికూతురిలా వంగి నడిచారు. షహనాజ్ గారు “ఏం పోగొట్టుకున్నారండీ, కింద వెతుకుతున్నారు?” అని అడిగారు. “ఏం లేదమ్మా” అన్నారు. ఆ మర్నాటి నుంచి ఆ అల్లరి మానేశాను. ఆయన నడుము ముందుముందు నాకు అవసరం పడొచ్చనిపించింది.

(నవ్వులు, ఈలలు)

ఈలలు ఎవరండీ? సెకండియర్ బైపీసీ, ప్రాక్టికల్సు నా చేతిలో లేవని ధైర్యం కదూ!

సరే. ఆయన నోరు విప్పుతారేమోనని ఎదురుచూశాను. విప్పలేదు. నేనే ఒక పరీక్ష పెట్టాను. రిటైరయ్యాక తాడేపల్లిగూడెం వెళ్ళిపోతున్నానని టీ కొట్టు దగ్గర అందరి ముందూ చెప్పాను. షహనాజ్ గారు అక్కడికక్కడే ఏడ్చేశారు. ఎజ్రా గారు గ్లాసు వైపు చూస్తూ, “తాడేపల్లిగూడెంలో గాలి బాగుంటుందండీ” అన్నారు. అంతే. నాకెంత కోపం వచ్చిందంటే, గాలి కోసం వెళ్తున్నానా నేను? సంచీ తగిలించుకుని గబగబా నడిచాను. పది అడుగులు వేశాక తెలిసింది. సంచీ బరువుగా ఉంది. ఆయన మూటలు తీసుకోవడం మరచిపోయారు.

ఆ రోజు టీ పనిచేయలేదండీ. షాపు దాకా మొత్తం బరువు నేనే మోసుకొచ్చాను. ఆయన మనసులో ఏముందో అప్పుడు తెలిసింది నాకు.

అయినా అడగటానికి ధైర్యం చాలలేదు. లారీ మాట్లాడేశాను, అట్టపెట్టెలు కట్టేశాను. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద మానస నా చెయ్యి పట్టుకుంది. “ఆంటీ, నాన్నగారు సంచీ తీసి అటక మీద పెట్టేశారు. ఇక నడవరట. మోకాళ్ళంటున్నారు, మోకాళ్ళకేమీ లేదు” అంది. “మరి నన్నేం చేయమంటావమ్మా?” అన్నాను. “ఆయన ఈ జన్మలో అడగరాంటీ. అడిగితే మీరే అడగాలి. నాకైతే చాలా ఇష్టం” అని నా చేతిని గట్టిగా నొక్కింది. అమ్మా మానసా, ఇప్పుడు ఆయన చొక్కా పట్టుకుని కూర్చో, వెనక తలుపు తీసే ఉంది.

ఇవాళ పొద్దున మా పుట్టినరోజు ఆచారం ప్రకారమే బరువు నడక వాళ్ళందరూ నాకు తలా ఒక మూట ఇచ్చారు. ఎజ్రా గారు కూడా వచ్చారు, మూట నా చేతిలో పెట్టి, “ఆరోగ్యం జాగ్రత్తండీ” అని వెళ్ళిపోయారు. ఇదిగో ఆ మూట. ఆకుపచ్చ దారం. ఆయన దస్తూరీ, “ఒక కిలో”. ఫణికిరణ్ గారూ, ఇలా రండి, మీ కాటాకి మీరే తగిలించండి. ఎంతుంది? అందరికీ వినపడేటట్టు చెప్పండి. ఏమీ చూపించడం లేదా? చూపించదు. ఇందులో ఉన్నది బూరుగు దూది.

(మూటని పైకెత్తి అందరికీ చూపించారు)

పొద్దున ఇది చేతిలో పడ్డప్పటి నుంచే నా కాలు నేల మీద లేదు. లారీ ఎక్కి వెళ్ళిపోయాక నా మూటలు తీసుకోవడానికి అక్కడెవరూ ఉండరని, బరువు ముందే తీసేసి ఇచ్చారన్నమాట.

ఎజ్రా గారూ, ఇప్పుడు మీతోనే మాట్లాడుతున్నాను. కలిదిండిలో మా నాన్న బడిపంతులు, సాయంత్రాలు అమ్మతో పాటు చెరువు పనికి వెళ్ళేవారు. చేపల బుట్టని ఇద్దరూ చెరో చెవీ పట్టుకుని గట్టు మీద మోసుకొచ్చేవారు. గట్టు ఎక్కినా దిగినా కిందవైపున ఉన్నవాళ్ళ మీదికే బరువంతా జారుతుంది. నాన్న ఎప్పుడూ కిందవైపే నిలబడేవారు. అమ్మ ఊరుకునేది కాదు, “ఇవాళ నా వంతండీ” అని నడి గట్టు మీద తగువు పెట్టుకునేది. బుట్ట కింద పెట్టి మరీ వాదించేది. చేపలు గిలగిలలాడుతుంటే వాళ్ళిద్దరూ వంతుల గురించి దెబ్బలాడుకునేవారు. చిన్నప్పుడు నాకు సిగ్గుగా ఉండేది. ఇప్పుడు అలాంటి దెబ్బలాట ఒకటి నాకూ కావాలనిపిస్తోంది. మీరు తువ్వాలు కింద దాచుకుని నా మూటలు మొయ్యొద్దండీ. నా వంతు నాకివ్వండి, మీ వంతు మీరు పట్టుకోండి.

షహనాజ్ గారూ, ఆ పొట్లం తీసుకురండి. విప్పండి. చూశారా అందరూ? దీనికి వీపున తగిలించుకునే పట్టీలు లేవు. బుట్టకి ఉన్నట్టు రెండు చెవులున్నాయి. ఆ ఆదివారం నుంచీ షాపు తలుపులేసుకుని ఈవిడ దీన్ని కుడుతున్నారు. మెమెంటో వేయండి ఇందులో. గడియారాలు వేయండి, శాలువాలు వేయండి. ఫణికిరణ్ గారూ, డంబెల్సు కూడా వేయండి, ఇందులో అయితే ఎవరి నడుమునీ గుద్దవు, మీ బహుమతికి చోటు దొరికింది. దూది మూట అన్నిటికన్నా పైన పెట్టండి, నలగకుండా.

ఒక చెవి నేను పట్టుకున్నాను. రెండోది ఖాళీగా ఉంది. ఎజ్రా గారూ, పెళ్ళి చేసుకుందామాండీ?

(హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు.)

కూర్చోండి, కూర్చోండి, ఆయన వచ్చే దారి కనపడటం లేదు! మానసా, తోయకమ్మా, వస్తున్నారు. రండి. చెప్పులు వదలక్కర్లేదండీ, ఇది స్టేజీయే. ఏవండీ? మైకు దగ్గరకి రండి, వెనకవాళ్ళకి వినపడాలి. ఏమంటున్నారంటే... (నవ్వు ఆపుకోలేకపోయారు) “ఎంత బరువుందండీ ఇది” అని అడుగుతున్నారు! తూచలేదండీ. మిమ్మల్ని చూశాక తూచకుండా కట్టిన మూట ఇదొక్కటే. మీరూ తూచకండి.

పట్టుకున్నారు! చెల్లెమ్మా, కళ్ళు తుడుచుకుని లారీ అతనికి ఫోను చెయ్యి, రేపు చేపలే వేసుకోమను. నీ పైవాటాకి మేమిద్దరం చుట్టపుచూపుగా వస్తాం, పరదాలు తీసేయకు.

లక్ష్మీదుర్గ గారూ, మీ సభని ఇలా చేసినందుకు మన్నించండి. ఈ కాలేజీ నాకు అన్నం పెట్టింది, కోపం వచ్చినప్పుడు అరవడానికి బోలెడు మంది పిల్లల్ని ఇచ్చింది, చివరికి ఒక కాటా ఇచ్చిన స్నేహితుణ్ణి కూడా ఇచ్చింది. మీ అందరికీ నా కృతజ్ఞతలు. సెలవు తీసుకుంటున్నది కాలేజీ దగ్గరే, ఏలూరు దగ్గర కాదు. తెల్లవారగానే గట్టు మీద ఉంటాం, టీ తాగడానికి రండి.

ఎజ్రా గారూ, అదేంటండీ, అప్పుడే మెట్టు దిగి కిందవైపు నిలబడ్డారు? పైకి రండి. మెట్లు దిగేటప్పుడు ఇవాళ నా వంతు.

పదండి. సెలవు.